‘నాను’కి ఎన్ని మార్కులు?

మా వంశంలో నాకు ముందు వేలిముద్రలే గాని సంతకాల్లేవు. మాది పొందూరు దగ్గర మాలపేట. అయ్య ఊడుపులకీ కోతలకీ పోయేవాడు. పనుల్లేని నెలల్లో మద్రాసు పోయి ఇటుకలు మోసేవాడు. అమ్మ కూలికెళ్తూనే నన్ను డిగ్రీ దాకా, బీఈడీ దాకా తోసింది. డీఎస్సీ రాసి ప్రభుత్వ బళ్లో తెలుగు పంతుల్నయ్యాను. మాలపేటోడు తెలుగు చెప్పడమేటని నవ్వినవాళ్లున్నారు.

చిన్నప్పుడు ఒక పంతులు నా కాంపోజిషన్ పుస్తకం ఎత్తి క్లాసందరికీ చదివి వినిపించాడు. ‘నాను మాయమ్మతో గడ్డికోతకి ఎల్లినాను’ అని రాశాను. ‘నాను’ కింద గీత, ‘ఎల్లినాను’ కింద గీత, పదికి సున్నా. ‘మీ పేట భాష ఇక్కడికి తేకు’ అన్నాడు. గడ్డి కోసింది నిజం. వాక్యం పూర్తిగా ఉంది. చదివినవాడికి అర్థమైంది. మరి సున్నా దేనికి? అది నా రాతకి కాదు, మా పేటకి.

ఈ తగువు కొత్తది కాదు. మన జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పంతులుగా ఉండి సవర భాష నేర్చుకున్నాడు. ఆ పిల్లలకి ఆ భాషలోనే చదువు చెప్పించాడు. బళ్లో పిల్లలు ఏ తెలుగులో కాంపోజిషన్ రాయాలన్నది వ్యావహారిక పోరాటంలో పెద్ద తగాదా. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికిచ్చిన అసమ్మతి పత్రం కూడా దాని మీదే. ఇద్దరికీ దండం. అయితే చివరికి గెలిచిందేది? శిష్ట వ్యావహారికం. చదువుకున్న పైకులాల ఇళ్లల్లో తెలుగు పుస్తకంలోకెక్కింది. మా పేటల తెలుగు బడి గేటు బయటే నిలబడింది. గ్రాంథికం పోయింది గాని గీత పోలేదు, మా వైపు జరిగింది.

2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలంది. లఘు పరీక్ష ఒక్కటే కాదు, పిల్లల సొంత రాతలు, ప్రాజెక్టు పనులు, క్లాసులో పాల్గొనడం కూడా మార్కుల్లోకి వచ్చాయి. ‘సొంతమాటల్లో రాయండి’ అని పాఠ్యపుస్తకమే అడుగుతుంది. జరిగేదేటి? ప్రాజెక్టు కూడా గైడు చూసే రాస్తారు. సొంతమాటలు రాసిన పిల్లకి గీతలు, గైడు దించినోడికి మార్కులు.

తొమ్మిదో తరగతికి ఉత్తరం రాయమన్నాను. ఒక కుర్రాడు ‘పూజ్యులైన నాన్నగారి పాదపద్మములకు’ అని మొదలెట్టి ‘నేనిచ్చట క్షేమము’ అన్నాడు. ఒక్క తప్పు లేదు. వాడికి తండ్రి లేడు. వెనకబెంచీ గుంట ఒకర్తి ఇలా రాసింది: ‘అయ్యా, నువ్వెల్లిపోనాక అమ్మకి జొరమొచ్చీసింది. కూలికి ఎల్లనేదు. తమ్ముడు నీ సొక్కా ఏసుకుని పడుకుంతన్నాడు. డబ్బులంపకపోయినా పర్నేదు, పండక్కి వచ్చీ.’

తోటి మేస్టారొకరు చూసి ‘దీనికి రెండు కూడా ఎక్కువే మేస్టారూ’ అన్నారు. నేను విషయానికి ఐదుకి ఐదు వేశాను.

ప్రతి రాతకీ రెండంకెలు వేస్తాను. చెప్పింది ఎంత నిజంగా, వివరంగా, వరసగా ఉందో దానికొకటి. రాతభాషకి ఇంకొకటి. మొదటి ప్రతి మీద ఎర్రసిరా పెట్టను. చదివి, నాకు తెలియనిది అడుగుతాను. పిల్ల మళ్లీ రాస్తుంది. అన్ని రాతల్నీ ఒకే కొలతతో కొలవను. అవ్వ చెప్పింది చెప్పినట్టు రాసుకొస్తే అందులో యాస దిద్దడమే తప్పు. నూలు వడికే ఇళ్ల పిల్లలు వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం గురించి రాస్తే, చదివినవాడికి ఆ పని కళ్లకి కడుతోందా అని చూస్తాను. మా పేట పిల్లలు కూలిలెక్క రాస్తే రోజులూ రూపాయలూ సరిపోయాయా అని చూస్తాను. అర్జీ సంగతి వేరు. తేదీ, వీధి, ఎన్ని ఇళ్లు, ఏం కావాలి, ఒక్కటి తప్పినా ఊరుకోను. ఆఫీసు తెలుగులో మూడుసార్లయినా రాయిస్తాను.

‘యాస మనదంటావు, మళ్లీ దిద్దుతావేటన్నా?’ అని మా సంఘం కుర్రోళ్లు అడిగారు. అడగాల్సిందే. యాస ఒక్కటే చాలంటే మనోళ్లని పేటలోనే కట్టేసినట్టు. పుస్తకభాషే భాషంటే మనోళ్ల నోరు నొక్కినట్టు. అంబేడ్కర్ 1920లో ‘మూక్‌నాయక్’ పత్రిక మరాఠీలో పెట్టాడు, ప్రభుత్వంతో ఇంగ్లీషులో పోట్లాడాడు. ఏ మాట ఎక్కడ పనిచేస్తుందో తెలియడం కూడా చదువే.

పోయినేడు మా పిల్లలు పేట కుళాయి కోసం అర్జీ రాశారు. ఆఫీసులో తిప్పి పంపలేదు, తీసుకుని రసీదిచ్చారు. పని ఇంకా మొదలవలేదు. రసీదు పిల్లల దగ్గరే ఉంది, రెండో అర్జీలో దాని నంబరు వేశారు.

బీఈడీ చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. రేపు మీ చేతికీ ఎర్రసిరా పెన్ను వస్తుంది. గీత గీసేముందు చూసుకోండి: అది అక్షరం కింద పడుతోందా, ఆ పిల్ల పుట్టిన పేట కింద పడుతోందా?