పొగాకుకి వయసొస్తే

నేను సిగార్లు తాగేది ఏడాదికి ఒకటి. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ వాటికి కాపలా కాస్తుంటాను. దీన్ని మా ఆవిడ "వాచ్‌మన్ ఉద్యోగం" అంటుంది.

అమెరికాలో బిడ్డ పుడితే తండ్రి సిగార్లు పంచడం పాత ఆనవాయితీ, మనం స్వీట్లు పంచినట్టు. 2017లో మా అమ్మాయి పుట్టినప్పుడు నేను లడ్డూలు పట్టుకెళ్తే, టీములో ఒక పెద్దాయన పాతిక నికరాగువా సిగార్ల పెట్టె నా చేతిలో పెట్టాడు. "పుట్టినరోజుకొకటి కాల్చు. పిల్లతో పాటు ఇవీ పెరుగుతాయి" అన్నాడు.

మేముండేది మినియాపొలిస్‌లో. చలికాలం హీటరు వేస్తే ఇంట్లో గాలి ఎంత పొడిబారిపోతుందంటే, మన పెదాలే పగిలిపోతాయి. ఇక ఆకు ఎంత? అందుకని హ్యూమిడార్ కొన్నాను. పేరు గంభీరంగా ఉంది కానీ, తేమ నిలిపే చెక్కపెట్టె, అంతే. లోపలి చెక్కని స్పానిష్ సీడర్ అంటారు. అది స్పెయిన్‌దీ కాదు, దేవదారూ కాదు. అమెరికా ఖండాల్లో పెరిగే చెట్టు, మన వేప కుటుంబానిదే. పురుగు అంతగా దరిచేరదు, వాసనా బాగుంటుంది.

కొత్త పెట్టెలో వెంటనే సిగార్లు పెట్టకూడదు. పొడి చెక్క వాటిలోని తేమే తాగేస్తుంది. రెండు వారాలు తేమ ప్యాకెట్లు పెట్టి, ముందు చెక్క దాహం తీర్చాలి. తర్వాత మీటరు నిజం చెబుతోందో లేదో చూసుకోవాలి. సీసా మూతలో ఉప్పు వేసి, కాసిని నీళ్ళతో ముద్దలా తడిపి, మీటరుతో కలిపి జిప్ సంచిలో మూసేసి ఒక రోజు వదిలేస్తే అది 75 శాతం చూపించాలి. నాది 71 చూపించింది. నాలుగు కలుపుకోవాలని పెట్టె మీద చీటీ అంటించాను.

ఎక్కువ కాలం దాచాలంటే 65 శాతం తేమ, 18 డిగ్రీల వేడి మంచివి. తేమ బాగా పెరిగితే బూజు. వేడి 25 దాటితే ఆకులో దాగిన గుడ్లు పగిలి పురుగు లేస్తుంది. మన ఇళ్ళలో పసుపు కొమ్ములకీ ఎండుమిరపకాయలకీ పట్టే పురుగే అది. అసలు కిటుకు అంకెలో కంటే నిలకడలో ఉంది. ఇవాళ 60, రేపు 72 అయితే ఆకు ఉబ్బి, ముడుచుకుని పగులుతుంది. సర్వర్లు చూసుకునే మనలాంటివాళ్ళకి ఇది వేరే చెప్పాలా?

మరి కాలం ఏం చేస్తుంది? పులియబెట్టినప్పుడు ఆకులో మిగిలిన అమ్మోనియా మెల్లగా పోతుంది. రకరకాల ఆకుల నూనెలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఘాటు తగ్గుతుంది. మరీ ఏళ్ళు గడిస్తే రుచి కూడా పలచబడుతుంది. ఇవన్నీ ఒక నోటుబుక్‌లో రాస్తుంటాను. "2018: గొంతులో గుచ్చింది. పాప కేకు మీద చెయ్యి పెట్టింది." "2021: మిరియాల ఘాటు పోయింది, కాఫీ వాసన. సైకిలు మీంచి పడింది, ఏడవలేదు."

ఇంత ప్రేమగా చెబుతున్నాను కాబట్టి మా నాయనమ్మ గురించీ చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు పల్లె. ఆవిడ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. అటువైపు ఆ తరం ఆడవాళ్ళలో చాలామందికి ఉన్న అలవాటే. ఆకు మీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డ కింద మెత్తబడనిచ్చి, వేళ్ళతో నొక్కి చూసి చుట్టేది. మీటరు లేదు, చీటీ లేదు. ఇవాళ సిగార్‌ని నొక్కి చూసినప్పుడల్లా నాకు ఆ వేళ్ళే గుర్తొస్తాయి.

నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉండగా ఆవిడ అంగిట్లో పుండు పడింది. అడ్డపొగకీ అంగిటి క్యాన్సర్‌కీ ఉన్న చుట్టరికం విశాఖ డాక్టర్లకి కొత్తేమీ కాదు. చివరి నెలల్లో కారం తగిలితే విలవిల్లాడేది. ఆవకాయ పెట్టి ఊరంతా పంచిన మనిషి ఉప్పు లేని గంజితో వెళ్ళిపోయింది.

ఎన్నేళ్ళు దాచినా నికోటిన్ పోదు. క్యాన్సర్ తెచ్చేవాటిలో కొన్ని ఆకులోనే ఉంటాయి, ఇంకెన్నో కాల్చినప్పుడు పొగలో పుడతాయి. వాటికి వయసుతో పనిలేదు. పొగ మింగకపోయినా నోటికి తగలక మానదు. పెట్టె బాగుచేసేది రుచిని మాత్రమే. ఇది తెలిసే ఏడాదికొకటి కాలుస్తున్నాను. కానీ తెలిసే ఇంకొకరికి వారసత్వంగా ఇవ్వడం వేరు.

మొన్న ఎనిమిదో పుట్టినరోజున మా అమ్మాయి పెట్టెలోకి తొంగిచూసి లెక్కపెట్టింది. "పదిహేడున్నాయి నాన్నా! నాకెన్ని ఇస్తావు?"

పెట్టె ఇచ్చిన పెద్దాయన లెక్కలో కొన్ని తన పెళ్ళిదాకా ఉండాలి. నేను ఆ లెక్క మార్చేశాను. వచ్చే ఏడాది నుంచి పుట్టినరోజుకి రెండేసి, ఒకటి నాకు, ఒకటి ఎలాగూ తాగే మా పక్కింటాయనకి. తనకి పదిహేడు నిండేసరికి పెట్టె ఖాళీ. కొత్తవి కొనను.

"నీకు సిగార్లు లేవమ్మా. నోటుబుక్ నీదే" అన్నాను.

"అందులో ఏముంది?"

"సగం పొగాకు గురించి. సగం నీ గురించి."

"పొగాకు పేజీలు చింపేసి ఇయ్యి" అంది.

చింపను. నాయనమ్మ గురించి కూడా అందులోనే రాసి పెట్టాను.