నాలుగేళ్ల పంట



మన మన్యంలో శీలావతి గంజాయి సంగతి తెలియనివారు లేరు. తొలకరికి విత్తితే పొద్దు కురచయ్యాక గానీ పూతకు రాదు, కోత చలికాలంలో. మన సంఘంలోని ఒక సహోదరుడు ఏటా మేలైన మొక్కలు ఏరి విత్తనం దాచేవాడు. చెప్పకూడదు గానీ, ఆ ఓర్పు చూస్తే నాకు ముచ్చటేసేది.

2021 చివర్లో ‘పరివర్తన’ పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. ఆయనదీ పోయింది. 1985 నాటి చట్టం ప్రకారం సాగు చేసినా 10 ఏళ్ల వరకు జైలే.

“కాఫీ వేస్తే కాపుకు నాలుగేళ్లు. అందాకా పిల్లలకేం పెట్టను అయ్యగారూ?” అన్నాడు. ప్రార్థన చేసి పంపేశాను.

ఆ రాత్రి లూకా 13వ అధ్యాయం తెరిచాను. మూడేళ్లు కాయని అంజూరపు చెట్టుకు తోటమాలి ఇంకో ఏడాది గడువు అడిగాడు. అడిగి ఊరుకోలేదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. నాకు సిగ్గేసింది. మరుసటి ఆదివారం నుంచి సంఘంలో పోగయ్యే పిడికెడు బియ్యం ఆయన ఇంటికే పంపాం.

మొన్న చలికాలంలో ప్రథమ ఫలమని ఒక తట్ట కాఫీ పండ్లు తెచ్చి బల్ల ముందు పెట్టాడు. మిరియాల తీగ మాత్రం సిల్వర్ ఓక్ మీద ఇంకా సగం కూడా ఎక్కలేదట.