సంఘపు పుస్తకము

అనంతపురము జిల్లా బెళుగుప్ప ప్రాంతమున ఏ కుటుంబము తన పూర్వచరిత్రను తెలిసికొనగోరినను, ఆ కుటుంబమునకు భూమి యుండెనా లేదా యను ప్రశ్నయే మొదట ఎదురగును. పట్టా గలవాని పేరు కరణముగారి లెక్కలలో దొరకును. దేవాలయ మాన్యమో, మసీదు మాన్యమో అనుభవించినవారికి 1860 ప్రాంతపు ఇనాము విచారణ పత్రములలో, ఎవరిచ్చిరి, ఎవరినుండి ఎవరికి సంక్రమించెను అను వివరములతో వంశక్రమమే దొరకును. కాశీగయలకు యాత్ర చేయగలిగినవారికి అచ్చటి పండాల పుస్తకములలో తాతముత్తాతల నామధేయములు దొరకును. ఈ మూడును లేక, ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొన్న యెఱ్ఱనేలలో పరుల చేలయందు కొఱ్ఱలు, సజ్జలు కోసి, కరువు వచ్చిననాడు పిల్లలను చంకనెత్తుకొని వలసపోయిన మాలపల్లెవారి పేర్లు ఏ పుస్తకమున నుండును? గ్రామసేవకు మాన్యము పొందిన కొందరిని మినహాయించినచో, నా పెద్దలవంటివారికి ఆ స్థానమిచ్చినది క్రైస్తవ సంఘపు బాప్తిస్మపు రిజిస్టరే.

లండనులో స్థిరపడిన పిమ్మటనే నేను ఈ అన్వేషణకు పూనుకొంటిని. 1795లో స్థాపితమైన లండన్ మిషనరీ సొసైటీ పక్షమున జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారి చేరెను. 1822లో కడపయందును, ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున గుత్తి మొదలైన చోట్లను ఆ మిషను కేంద్రములు వెలసెను. ఆ సొసైటీ పత్రములన్నియు 1973నుండి లండను విశ్వవిద్యాలయమునకు చెందిన సోయాస్ గ్రంథాలయమున భద్రముగా నున్నవి. అచ్చట కూర్చుండి దొరలు వ్రాసిన జాబులను చదువునపుడు కలరాను గూర్చియు, కరువును గూర్చియు, పాఠశాలల వ్యయమును గూర్చియు ఎంతో తెలిసినది. కాని పల్లెజనము ఆ జాబులలో తరచుగా సంఖ్యలుగానే కానవచ్చుచున్నారు. బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు రాజధాని బాప్తిస్మ, వివాహ, ఖనన ప్రతులు ప్రధానముగా ఐరోపీయులవి, ఆంగ్లో ఇండియనులవి. మనవారి పేర్లుగల మూల పుస్తకములు సముద్రము దాటలేదు. అవి బాప్తిస్మమిచ్చిన మందిరములలోనే నిలిచిపోయినవి. సుమారు అయిదువేల మైళ్ళ దూరమున వెదకినదానికి సమాధానము గుత్తి ప్రాంతపు ఒక పల్లెలో, కానుకల సంచుల ప్రక్కన, చెక్క బీరువాలో నుండెను.

మా అవ్వ పుట్టినిల్లు ఆ ప్రాంతము; బెళుగుప్ప ఆమె మెట్టినిల్లు. మా మేనమామగారు సంఘపెద్దల అనుమతితో ఆ రిజిస్టరు పుటలను ఫోటోలు తీసి నాకు పంపించిరి. వరుస సంఖ్య, తేది, పూర్వనామము, క్రొత్త పేరు, తల్లి, తండ్రి, ఊరు, వృత్తి, బాప్తిస్మమిచ్చిన అయ్యగారి సంతకము. ఇన్ని గడులలో మా అవ్వ తల్లి ఒక వరుసయై నిలిచియున్నది. వయస్సు వ్రాయవలసినచోట అంకె లేదు. ‘ధాత కరువు తరువాత పుట్టినది’ అని మాత్రమున్నది. 1876లో వచ్చిన ధాత సంవత్సరమును, దానితో దాపురించి 1878 వరకు దక్షిణాపథమును దహించిన మహాక్షామమును ఎరిగినవారికి ఆ చిన్న వాక్యమే జనన పత్రము. ఆమె తల్లి పేరునకు కూడ ప్రత్యేకముగా ఒక గడి కలదు. కరణపు లెక్కలలో భర్త మరణించి భూమి తన పేర మారినగాని కానరాని స్త్రీ, ఇచ్చట కన్నతల్లిగా, కూతురుగా, తన పేరుతో తానే యున్నది. నేను ఆ పుటను ఎన్నిసారులు చూచినను నా కన్నులు ఆ గడియొద్దనే ఆగుచున్నవి.

అయితే ఈ పుస్తకములను చదువుటకు కొంత పరిజ్ఞానము వలయును. అనంతపురము 1882లో గాని ప్రత్యేక జిల్లా కాలేదు. అంతకు పూర్వపు కాగితములను బళ్ళారి పేరుననే వెదకవలెను. సంఘము పేరు సయితము స్థిరము కాదు: లండన్ మిషను సంఘములు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘమున చేరినవి, 1947 సెప్టెంబరు 27న అది దక్షిణ ఇండియా సంఘమున లీనమైనది. ఓబులేసు యోహాను అయినచోట పూర్వనామము వ్రాయని రిజిస్టరు చేతికి వచ్చినచో, ఇంటిపేరు, ఊరి పేరు మాత్రమే దారి చూపును. లండన్ మిషనువారు శిశువులకు బాప్తిస్మమిచ్చుటచేత జనన సంవత్సరము దాదాపుగా దొరకును. బాప్తిస్టులయందు ఆ యాచారము లేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర, జాన్ క్లౌ దొర ఆధ్వర్యమున 2,222 మంది ఒక్క దినముననే బాప్తిస్మము పొందిరని ప్రసిద్ధి. వారి పట్టికలు విశ్వసించిన దినమును చెప్పునుగాని పుట్టిన దినమును చెప్పవు. ఆ బాప్తిస్టు సంఘములవారిలో కొందరు చెరకుతోటల కూలికై దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఓడలెక్కిరి. వారికొరకు 1903లో నెల్లూరు సీమనుండి జాన్ రంగయ్యగారు వెళ్ళి అచ్చట సంఘములను నెలకొల్పిరి. కావున దర్బనులోని తెలుగువారు ఓడల పట్టికలోని ఊరి పేరును ఇచ్చటి సంఘపు పుస్తకముతో పోల్చి చూచుకొనవచ్చును.

ఈ పుస్తకములను ఎవరును దాచలేదు, ఎవరును కాపాడనులేదు. మా మెట్టసీమ గాలి పొడిగనుక కోస్తా తేమవలె కాగితమును కుళ్ళబెట్టదు. కాని చెదలు మందిరమని చూడదు, క్రొత్త మందిరము కట్టునపుడు పాత బీరువాను తీసివేయు చేతులకును ఆ బరువు తెలియదు. ఆపదలోనున్న ఇట్టి పత్రములను ఛాయాచిత్రములుగా భద్రపరచుటకు బ్రిటిష్ లైబ్రరీ 2004నుండి ఒక ప్రత్యేక పథకమును నడుపుచున్నది. మూల పుస్తకము ఊరిలోనే యుండి, సంఘపెద్దల సమ్మతితో ప్రతి మాత్రమే బయటికి పోవలెనని నా దృఢాభిప్రాయము. అవి ఆ ఊరివారి సొత్తు. జీవించియున్నవారి వివరములుగల ఇటీవలి పుటలను మాత్రము మూసియుంచుట న్యాయము.

నాకు ఇంకను మా అవ్వ తల్లి వివాహపు వరుస దొరకలేదు. ఆ మందిరపు వివాహముల పుస్తకమున సగము పుటలు చెదలపాలైనవి. అయితే 1872నాటి క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము పెండ్లి పత్రముల ప్రతులు ప్రభుత్వ రిజిస్ట్రారునకు పంపబడవలసియుండెను. మందిరమున నశించినది కచేరీలో మిగిలియుండవచ్చునను ఆశతో, ఆమె పేరును, ఆమె తండ్రి పేరును, ఊరిని ఒక కాగితముపై స్పష్టముగా వ్రాసి మా మేనమామగారికి పంపియున్నాను. వేరుశనగ కోతలు ముగియగానే అనంతపురము వెళ్ళి విచారించెదనని ఆయన జాబు వ్రాసిరి.