ఎవరి నోటి లాటిన్?

చదువుకొనే రోజుల్లో విదేశంలో ఒక గాయకబృందంలో కొంతకాలం పాడాను. మతవిశ్వాసం నాకు లేదు. పదిమంది గొంతులు ఒక్కటైనప్పుడు పుట్టే బలమే నన్నక్కడికి లాక్కుపోయింది. ఒకనాటి సాధనలో, 'శాంతి' అనే అర్థంగల లాటిన్ మాటను ఒక జర్మన్ యువతి 'పాట్సెమ్' అని పలికింది. నాయకుడు పాట ఆపి, "అది మొరటు ఉచ్చారణ. 'పాచెమ్' అనాలి. అదే శుద్ధం" అన్నాడు. ఆమె తలవంచుకొన్నది. నేనూ తలవంచుకొన్నాను. నా ఇంగ్లీషును గురించి ఆ మాటే ఎన్నిసార్లు విన్నానో!

యీ శుద్ధత ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు అప్పుడే కలిగింది. సిసెరో కాలపు రోమన్లు ఆ మాటను 'పాకెమ్' అన్నారు. 'పాచెమ్' ఇటలీ ప్రజల నోట కాలక్రమాన మారిన రూపం. జర్మన్ల నోట అది 'పాట్సెమ్', ఫ్రెంచివారి నోట 'పాసెమ్' అయింది. మనం 'జ్ఞానం' అని రాసి 'గ్న్యానం' అంటాం. హిందీవారు 'గ్యాన్' అంటారు. మరాఠీవారు 'ద్న్యాన్' అంటారు. లాటిన్ కథా అంతే. ఒక ఫ్రెంచివాడు చక్రవర్తి కొలువులో లాటిన్‌లో ఉపన్యసిస్తే, విన్నవారు అది ఫ్రెంచి అనుకొన్నారని ఎరాస్మస్ 1528 నాటి తన గ్రంథంలో రాశాడు.

మరి ఇటలీ పలుకుబడికే పట్టం ఎందుకు కట్టారు? అది అధికారం చేసిన పని. 1912లో పదవ పయస్ పోపు ఫ్రాన్సులోని బూర్జ్ ఆర్చిబిషప్పుకు లేఖ రాసి, రోమన్ ఉచ్చారణ వ్యాప్తిని మెచ్చుకొన్నాడు. తరువాతి దశాబ్దాలలో దేశదేశాల గాయకులు దానినే అలవరచుకొన్నారు. దానితో పాత పాటల రూపమే మారిపోయింది. 17వ శతాబ్దంలో షార్పాంటియే 'తె దేఉమ్' స్వరపరచినప్పుడు, ఫ్రెంచి గాయకులు ఆ మాటను 'దేయోమ్' అనేవారు. 'తూ' అనే మాటలో అచ్చును పెదవులు ముడిచి తమ భాష తీరునే పలికేవారు. ఆయన విన్న నాదం అది. ఇటలీ అచ్చులతో పాడితే స్వరాలు మిగులుతాయి, ఆ నాదం మిగలదు.

యీ సంగతులకు సాక్ష్యం ఎక్కడిది? చాలావరకు రాతలోని తప్పులే! మధ్యయుగపు లేఖకులు 'మిహి' అన్న మాటను, తాము పలికినట్టే, 'మికి' అని చదివే విధంగా రాశారు. పండితులు దోషమన్నదే చరిత్రకు ఆధారమైంది. 1990లో హారొల్డ్ కోప్‌మన్ 'సింగింగ్ ఇన్ లాటిన్' వెలువడింది. ఆనాటి నోటితో ఆనాటి పాట పాడే బృందాలు నేడు అనేకం వున్నాయి.

అయితే నేను తరువాత చేరిన బృందంలో చారిత్రక ఉచ్చారణే నియమం. అక్కడ ఒక ఇటలీ యువకుడు అలవాటు కొద్దీ 'పాచెమ్' అన్నాడు. అందరూ నవ్వారు. ఒక శాసనం పోయి మరొక శాసనం వచ్చిందన్నమాట!

గిడుగు రామమూర్తి గారి వ్యావహారికోద్యమాన్ని ఎరిగిన మనకు యీ ప్రమాదం కొత్తది కాదు. యీ పాటను ఎవరు, ఎక్కడ, ఏ నోటితో పాడారని అడగడం విజ్ఞానం. ఆ జవాబును బెత్తంగా పట్టుకొని పక్కవాని నోరు మూయించడం మాత్రం విజ్ఞానం కాదు. ఆ జర్మన్ యువతి మరునాటినుంచి సాధనకు రాలేదు. ఆమె స్థానం ఖాళీగానే వుండిపోయింది.