గొయ్యిలోకి ఎవరు దిగాలి?

నలభైకి దగ్గరపడ్డాక మెకానిక్ పనిలోకి దిగాలా వద్దా అని నాలుగు నెలలుగా ఆలోచించాను. ఇందులో పెద్ద ఆదర్శమేమీ లేదు. ఒకపక్క మా అబ్బాయి చదివే స్కూల్లోనే అకౌంట్స్ ఉద్యోగం, దాంతోపాటు వాడి ఫీజులో సగం రాయితీ. ఇంకోపక్క మావయ్యగారి కార్ల షెడ్డు, అందులో నెలకి చేతికి ఎంత వస్తుందో ముందుగా చెప్పలేం. మీలో ఎవరిని అడిగినా మొదటిదే పట్టుకోమంటారు. కాకినాడ నుంచి మా అమ్మ రోజూ ఫోన్లో చెప్పేదీ అదే.

నాది పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా. క్లాసు మొత్తానికి ఇద్దరమే ఆడపిల్లలం. చదువయ్యాక ఒక షోరూం వాళ్లు ఉద్యోగమిచ్చి సర్వీసు కౌంటర్లో కూర్చోబెట్టారు, బిల్లులు కొట్టడానికి. స్పానరు మళ్లీ పట్టలేదు. 2013లో పెళ్లై యాంగోన్ వచ్చేశాను.

మావయ్యగారి తాతగారు మా కాకినాడ పక్కనున్న కోరంగి వైపు నుంచి ఓడెక్కి రంగూను వచ్చిన మనిషి. ఆ రేవు పేరుతోనే ఇక్కడ తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. అది ముద్దుగా పిలిచే పిలుపు కాదు లెండి. 1964లో ప్రైవేటు దుకాణాలని ప్రభుత్వం తీసేసుకున్నప్పుడు చుట్టాల్లో చాలామంది ఇండియా వెళ్లిపోయారు. వీళ్ల దుకాణం పోయింది, మనుషులు మాత్రం ఉండిపోయారు. మావయ్యగారు పద్నాలుగేళ్లకే ఒక షెడ్డులో చేరారు. దిగుమతులు లేని కాలం. ఇక్కడే కూర్చిన మజ్దా జీపులు, హినో లారీలు తప్ప వేరే బళ్లు పెద్దగా లేవు. పార్టు దొరక్కపోతే లేతు మీద చేయించుకోవడమే. ఆయన చెవి పెట్టి వింటే ఇంజన్ జబ్బు తెలిసిపోతుందని ఇప్పటికీ పాత డ్రైవర్లు చెప్పుకుంటారు.

ఇక్కడి కార్ల తీరు చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. 1970 డిసెంబరులో ఈ దేశం ఒక్కరోజులో ఎడమ నుంచి కుడికి మారింది. బళ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి. కానీ వాటిలో ఎక్కువభాగం జపాన్ వాడేసిన కార్లు కాబట్టి స్టీరింగూ కుడిపక్కే. ముందు బండిని దాటాలంటే డ్రైవరుకి ఎదుటి రోడ్డు కనపడదు, పక్కన కూర్చున్నవాళ్లు చూసి చెప్పాలి. కొత్తలో ఆ పని నాకు అప్పగించారు, ప్రాణాలు అరచేతిలో ఉండేవి. 2011 తరవాత దిగుమతులు సడలించాక ప్రోబాక్స్‌లు, ఫిట్‌లు వరదలా వచ్చాయి. వాటిలో జబ్బు చెవికి అందదు. సెన్సర్లు, రిలేలు, కంప్యూటరు. వానాకాలం రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లలో ఈదుకుంటూ వచ్చిన కార్లు మూడోవారానికి వైరింగు తుప్పుతో మా షెడ్డుకి చేరతాయి.

2024 ఫిబ్రవరిలో సైన్యంలో తప్పనిసరిగా చేరాలన్న చట్టం అమల్లో పెట్టాక షెడ్డులో ఇద్దరు కుర్రాళ్లు థాయ్‌లాండ్ వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టే మనసు ఎవరికీ రాలేదు. మిగిలింది డెబ్బై దాటిన మావయ్యగారు, యాభై ఏళ్ల హెల్పరు ఒకాయన. అంతవరకూ నేను లెక్కలు రాసేదాన్ని.

ఒక టాక్సీ వచ్చింది. చల్లగా ఉన్నప్పుడు బాగానే నడుస్తుంది, గంటయ్యాక రోడ్డు మధ్యలో ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్లీ స్టార్టవుతుంది. ఇంకెక్కడో పెట్రోలు పంపు మార్పించుకుని డబ్బు పోగొట్టుకుని వచ్చాడు పాపం. నాకు క్రాంక్ సెన్సర్ మీద అనుమానం వచ్చింది. విప్పించి, మల్టీమీటరు పెట్టి, కరెంటు వచ్చేదాకా ఆగి నా హెయిర్ డ్రయర్‌తో వేడి చేశాను. వేడెక్కగానే రీడింగు పోయింది, చల్లారితే మళ్లీ వచ్చింది. మావయ్యగారు ఏమీ అనలేదు. మర్నాడు ఇంకో బండి తాళం నా టేబుల్ మీద పెట్టి, "ఇదీ చూడమ్మా" అన్నారు.

ఇక అసలు చిక్కు. బర్మాలో మగవాడికి ఒక తేజస్సు ఉంటుందని నమ్మకం. దాన్ని "ఫోన్" అంటారు, మన సెల్‌ఫోన్ కాదు. ఆడవాళ్ల లుంగీ కింద నుంచి మగవాడు నడిస్తే అది తగ్గిపోతుందట. అందుకే ఆడవాళ్లని బస్సు టాపు మీదా, పడవ కప్పు మీదా ఎక్కనివ్వరు. 2021లో ఇదే నమ్మకాన్ని ఆయుధం చేసుకుని ఆడవాళ్లు వీధులకి అడ్డంగా తాళ్ల మీద లుంగీలు ఆరేశారు, సైనికులు దాటడానికి జంకారు. సరే, షెడ్డులో కారు కింద గొయ్యిలో హెల్పరు ఉంటే, పైన కార్లో నేను కూర్చోవచ్చా? ప్యాంటు వేసుకుంటాను కదా అంటే ఆయన తల గోక్కున్నాడు. పాపం మంచివాడు, నన్ను "మమ" అని, అంటే అక్కా అని పిలుస్తాడు. మావయ్యగారు తేల్చేశారు: "అమ్మాయి కిందకి దిగుతుంది, నువ్వు పైన ఉండు." ఈ నమ్మకం మీద నాకు గౌరవం లేదు. కానీ వాదించి గెలవడం కన్నా గొయ్యి నాకు చేతికి రావడమే లాభం, అసలు పనంతా అక్కడే ఉంటుంది.

అత్తయ్యగారు అడ్డు చెబుతారనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే, "జుట్టు దేనికైనా చుట్టుకుంటేనో?" మావారు "నీ ఇష్టం" అన్నారు, మీకు తెలుసుగా ఆ మాట ఎంత సాయపడుతుందో. అమ్మకి కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి బిగించే ఆదిలక్ష్మి వీడియో పంపాను. "ఆవిడకి గతిలేక చేసింది, నీకేం ఖర్మ?" అంది. ఆవిడ భుజబలం నాకు లేదు, నిజమే. లారీ జోలికి నేను పోను.

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచింపజేసింది ఎలక్ట్రిక్ కార్లు. 2023లో సుంకం లేకుండా తెప్పించడం మొదలైంది, బీవైడీలు వీధుల్లో కనిపిస్తున్నాయి. కరెంటు కోతల ఊళ్లో ఇదేం వింత అంటారేమో, పెట్రోలు బంకు ముందు గంటల క్యూలో నిలబడితే తెలుస్తుంది. వాటికి ఆయిల్ మార్చక్కర్లేదు, క్లచ్ లేదు. షెడ్డు పనిలో సగం వాటితో పోతుంది. మిగిలే పనేమో నారింజ రంగు కేబుళ్ల దగ్గర, వందల వోల్టుల మీద. శిక్షణ లేకుండా ముట్టుకుంటే మనిషి మిగలదు. అంటే బ్యాంకాక్ వెళ్లి ఎక్కడైనా నేర్చుకోవాలి, దానికి ముందు డబ్బు కూడాలి. అప్పటిదాకా ఈ పాత జపాన్ కార్లు నడుస్తూ ఉండాలి. కొత్త కారు కొనే స్తోమత ఎంతమందికుంది? నా అంచనాకి పదేళ్లు నడుస్తాయి.

పోయిన వారం స్కూలుకి కుదరదని మెయిల్ పెట్టాను. ఫీజు సంగతి మావారూ నేనూ కూర్చుని లెక్కేసుకున్నాం. బాబు కీబోర్డు క్లాసు ఆపాం, డిసెంబరులో కాకినాడ ప్రయాణం మానుకున్నాం. అమ్మకి మెకానిక్ పని కన్నా దానికే కోపం ఎక్కువ. ఏడాది చూస్తాను. అప్పటికి కనీసం అకౌంట్స్ జీతమంత రాకపోతే మళ్లీ అప్లికేషను పెట్టుకుంటానని మావయ్యగారికి ముందే చెప్పాను. ఆయన తలూపి, గొయ్యి గోడకి రెండు ఎల్‌ఈడీ లైట్లు బిగించారు. వాన నీళ్లు తోడే పంపు బాగుచేయించారు. సోమవారం ఒక ప్రోబాక్స్ వస్తోంది, ముందు చక్రాల దగ్గర టకటక చప్పుడట.