వెనుదిరిగి చూచిన కొండలు

మా అత్తగారు ఈ యింటికి కోడలై వచ్చి 56 సంవత్సరములైనది. నాటినుండియు ఏటేట మాఘ ఫాల్గుణ మాసములందు మిరపకళ్లములో కూర్చుండి తాలుకాయ లేరుచు, నడుము నొప్పిపుట్టి తలయెత్తినప్పుడెల్ల ఆమెకు ఎదుట కనబడునది కొండవీటికొండయే. వాన వచ్చునో రాదో ఆ కొండమీది మబ్బును చూచియే చెప్పుదురు. కాని ఆ కొండను ఆమె యెన్నడును ఎక్కి యెరుగరు. పత్తితీత యని యొకయేడు, పురుడని యొకయేడు, పెండ్లి యని యొకయేడు గడచిపోయినవి. మగవారు స్నేహితులతో కూడి వేడుకకు పోయివచ్చిరి. ఇంటి ఆడవారికి మాత్రము “చూతములే” అను మాటయే దక్కినది.

మొన్న సంక్రాంతినాడు మోకాళ్లు పట్టుకొని అరుగుమెట్లు దిగుచు, “ఇంక నాకు కొండెక్కే యోగం లేదులే అమ్మాయ్” అనిరి. నిష్ఠురముగా అనలేదు, ఇంటిలో ఉప్పు నిండుకొన్నదని చెప్పినట్లు చెప్పిరి. అందువలననే ఆ మాట మాకు ముల్లువలె గ్రుచ్చుకొన్నది.

మా అమ్మాయి కారు నడపుట నేర్చి రెండేండ్లైనది. కొండవీటికిని కోటప్పకొండకును ఘాటురోడ్లున్నవి. ఇక కావలసిన దేమి? ఫాల్గుణమాసమున నొక ఆదివారమునాడు అత్తగారిని, ఆడబిడ్డను, అమ్మాయిని వెంటబెట్టుకొని మేము ప్రయాణమైతిమి. “ఆడవాండ్రు నలుగురే కొండదారిని పోవుటయా?” అని ఇంటిలో ప్రశ్న పుట్టెను. అత్తగారు చెప్పులు తొడుగుకొని పోయి కారులో కూర్చుండుటయే దానికి సమాధానమైనది.

తెల్లవారకముందే బయలుదేరి, ఫిరంగిపురము దాటి, ఎండ ముదురక పూర్వమే కొండవీడు చేరితిమి. పులిహోర, మజ్జిగ, రెండు బిందెల మంచినీరు వెంట నుంచుకొంటిమి. ఘాటురోడ్డున అమ్మాయి ప్రతి మలుపునను హారను మ్రోగించుచు తక్కువ గేరులో మెల్లగా నెక్కించినది. దిగునప్పుడును అట్లే తక్కువ గేరుననే దిగవలెననియు, బ్రేకునే నమ్మి అదేపనిగా త్రొక్కినచో అది వేడెక్కి పట్టుదప్పుననియు మాకు బోధించినది. వంటయింటి విద్యలు మేము దానికి నేర్పితిమి. ఈ విద్య అది మాకు నేర్పుచున్నది.

కొండపైన పడిపోయిన కోటగోడలును, బురుజులును, ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అను నీటి వనరులును గలవు. పదునాలుగవ శతాబ్దమున ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యమును స్థాపింపగా, ఆయన కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని ఇచ్చటికి మార్చెను. పెదకోమటి వేమారెడ్డి కాలమున శ్రీనాథుడు ఇచ్చట విద్యాధికారిగా నుండెను. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గమును గెలిచెను. మేము ఈ సంగతులన్నియు చెప్పుచుండగా అత్తగారు ఊకొట్టుచునే యుండిరి. కాని శ్రీశైలమునకు మెట్లు కట్టించినది ప్రోలయ వేమారెడ్డియే యని విన్నప్పుడు మాత్రము, “ఎక్కలేనివాళ్ల సంగతి తలచిన మహానుభావుడు” అని చేతులు జోడించిరి.

పిదప ఆమె గోడ నానుకొని తూర్పుదిక్కునకు చూడసాగిరి. క్రింద నల్లరేగడి నేల పరచిన కంబళివలె నున్నది. పత్తి తీసిన చేలు బూడిదరంగున నున్నవి. నడుమ నడుమ మిరపకళ్లములు ఎర్రని చీరలు ఆరవేసినట్లు కనబడుచున్నవి. “అదిగో మన నీళ్ల ట్యాంకు! దాని పక్కది మన కళ్లమే” అని అత్తగారు చిన్నపిల్లవలె కేకవేసిరి. కొంతసేపటికి మెల్లగా, “ఇంతేనా అమ్మాయ్? ఇంత చిన్నదా?” అనిరి. అర్ధశతాబ్దము తన బ్రదుకంతయు నిండియున్న ఆ కళ్లము ఇక్కడినుండి అరచేతిలో ఇముడునంత యున్నది. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇటలీదేశమున సియెనా, శాన్ జిమిన్యానో మున్నగు పట్టణములు పూర్వము రక్షణకొరకు కొండలపై కట్టబడి, నేటికిని అచ్చటనే ఇండ్లతో, అంగళ్లతో, జనులతో కళకళలాడుచున్నవి. సెలవులకు పోవువారు కారులో ఒక కొండయూరినుండి మరియొక కొండయూరికి పోవుచు ఆనందింతురట. మన సీమలో అట్లుకాదు. రాజ్యములు పోగానే కోటలు పాడుపడినవి. జనులు పంటనేలను అంటిపెట్టుకొని క్రిందనే యుండిరి. కొండపైన రాళ్లును దేవుడును మిగిలిరి. కావుననే మనకు కొండ ఎదుటనే యుండియు దూరమైనది.

అచ్చటనుండి నరసరావుపేట మీదుగా కోటప్పకొండకు పోతిమి. మూడు శిఖరములు గల త్రికూటాద్రి యిది. శివరాత్రినాడు మిన్నంటు ప్రభలతో జనము తరలివచ్చు త్రికోటేశ్వరుని సన్నిధి. కారు దిగినంతనే కోతియొకటి మా పులిహోర డబ్బాను ఎత్తుకొనిపోయినది. స్వామికి ముందే నైవేద్యమైనదని నవ్వుకొంటిమి.

అచ్చటి గొల్లభామ కథ మీ రెరిగినదే. నిత్యము కొండనెక్కి స్వామిని సేవించు ఆనందవల్లి గర్భవతియై, ఇక నెక్కలేనని మొరపెట్టుకొన్నదట. “నీ వెంట నేనే వత్తును, వెనుదిరిగి చూడకుము” అని స్వామి ఆనతిచ్చెనట. ఆమె త్రోవలో వెనుదిరిగి చూచినది, స్వామి అచ్చటనే నిలిచిపోయెను, ఆమె శిలయైనది. మా ఆడబిడ్డ, “తొందరపాటు గదా” అన్నది. అత్తగారు ఒప్పుకొనలేదు. “తొందరేమిటే? అన్నం పెట్టవలసిన ఇల్లాలు, వెంట వచ్చేవాడు వస్తున్నాడో లేదో చూసుకోదూ?” అనిరి. ఏండ్ల తరబడి తాలుకాయ నేరిన చేతులతో ఆమె గొల్లభామకు పసుపుకుంకుమలు సమర్పించుచుండగా చూచి, ఆ కథ మాకు మొదటిసారి అర్థమైనట్లు తోచినది.

ప్రొద్దువాలునప్పటికి వినుకొండ చేరితిమి. సీతాపహరణవార్తను శ్రీరాముడు విన్న కొండ కావున ఆ పేరు వచ్చినదని స్థలపురాణము. 1895లో మహాకవి గుఱ్ఱం జాషువ జన్మించిన దీ యూరనే. గుడిలో అడుగుపెట్టనీయబడని పేదవాడు తన గోడును శివునకు విన్నవింపుమని గబ్బిలమును పంపినట్లు ఆయన 1941లో కావ్యము వ్రాసెను. అది తలచుకొనగా మా ముచ్చట చిన్నదనిపించినది. మాకు అడ్డుపడినవి మోకాళ్లును, తీరుబడి లేమియు మాత్రమే. ఎందరికో మనుష్యులే అడ్డుపడిరి.

చీకటిపడుచున్నందున వినుకొండ కొండను క్రిందనుండియే దర్శించి వెనుకకు మరలితిమి. అత్తగారు కారు కిటికీలోనుండి తల త్రిప్పి ఆ కొండ కనుమరుగగువరకు చూచుచునే యుండిరి. పిదప, “దాన్ని వచ్చే యేడు చూద్దాం” అనిరి. “చూతములే” అని ఇతరు లనగా వినుటకే అలవాటుపడిన ఆమె నోట ఆ మాట వచ్చుట మాకెంతో ఇంపుగా నుండినది.

సోదరీమణులారా! మీ వాకిటినుండి కనబడుచు మీరెన్నడు నెక్కని కొండ యేదియో యుండకపోదు. పనులు తీరినపిదప పోవుదమన్నచో పనులు తీరవు. ఇంటిలో పెద్దావిడ యున్నచో ఆమె మోకాళ్లు పూర్తిగా మొరాయింపకముందే కారులో ముందుసీటున కూర్చుండబెట్టుకొని పొండు. పైకి చేరిన తరువాత మాత్రము ఆమెకు చరిత్రలు చెప్పక కొంతసేపు ఊరకుండుడు. ఆమె వెదకుకొనవలసినది క్రింద నొకటి యుండును.