పగడాలకు ఎంత వెలుతురు?

పగడమంటే మన ఇళ్ళలో ఉంగరంలోని రాయి. కుజదోషం వున్నవాళ్ళు పెట్టుకునేది. అది ఒకనాడు సముద్రంలో బ్రతికిన జీవుల గూడు అని చెబితే మా ఆవిడ నమ్మలేదు. కాని పిల్లల సంగతి వేరు. ఫోను చేతికి వచ్చాక వాళ్ళు చూడని సముద్రం లేదు. ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు, అమెరికాలో ఎవరో తమ ఇంటి హాల్లో గాజు తొట్టిలో పెంచుకుంటున్న పగడపు తోటను ఫోనులో చూసింది. "తాతయ్యా, మనమూ పెంచుదాం. మొదటిసారి పెంచేవాళ్ళకి ఏ పగడం మంచిదో, ఏ లైటు కావాలో కనుక్కో" అని నాకు పని అప్పగించింది.

మాది అశ్వారావుపేట. ఇటు భద్రాచలం అడవులు, అటు ఆంధ్ర సరిహద్దు, నడుమ పామాయిల్ తోటలు, జీడిమామిడి తోటలు. సముద్రం నూరు కిలోమీటర్ల పైమాటే. అయినా అడిగింది మనవరాలు గనుక పుస్తకాలు ముందేసుకు కూర్చున్నాను.

పగడం చూడటానికి చెట్టులా వుంటుంది గాని, జంతువు. వెచ్చని సముద్రాల్లో దిబ్బలు కట్టే పగడాల ఒంట్లో, కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం వుంటుంది. అద్దెకున్నవాళ్ళే ఇంటివారికి వండి పెట్టినట్లు, ఆ నాచు పగటి వెలుతురులో తిండి తయారుచేసి పగడానికి పెడుతుంది. కాబట్టి తొట్టి మీద లైటు వెయ్యడమంటే పగడానికి అన్నం పెట్టడమే. వెలుతురు చాలకపోతే పస్తు. ఉన్నట్టుండి ఎక్కువైతే అద్దెవాడు ఇల్లు ఖాళీ చేస్తాడు, పగడం తెల్లగా పాలిపోతుంది.

అన్ని పగడాలకూ ఈ అద్దెవాళ్ళుండరు. మన ఉంగరాల్లోకి వచ్చే మధ్యధరా సముద్రపు ఎర్రపగడం మసక వెలుతురులో, రాతి సందుల్లో పెరుగుతుంది. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ ఇంగ్లండులో టార్కీ తీరంనుంచి పగడాలు తెచ్చి లండనులో తన ఇంట్లో పెంచింది. అవీ ఇటువంటివే. వాటికి వెలుతురు కంటె గాలి ముఖ్యం. పంపులు లేని కాలం కదా! పనిపిల్ల రోజూ కిటికీ దగ్గర నిలబడి, ఆ ఉప్పునీటిని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మన కాఫీ చల్లార్చినట్లు, తిరగపోసేదట.

ఇక కొత్తవాళ్ళకు తగినవి. వరుసలో మొదటిది పుట్టగొడుగు పగడం. తక్కువ వెలుతురుతో సరిపెట్టుకుంటుంది. తరువాత ఆకుపచ్చ నక్షత్రాల పగడం, గుంపులు గుంపులుగా విచ్చుకునే జోయాంథిడ్లు, తోలు పగడం. ఇవి మధ్యరకం వెలుతురుతో బ్రతుకుతాయి. కొమ్మలు కొమ్మలుగా రాయి కట్టే ఎక్రోపొరా అందరికంటె మొండిది. దానికి తీవ్రమైన వెలుతురు, కదలని ఉప్పుపాలు, నిలకడైన వేడి కావాలి. చెయ్యి తిరిగినవాళ్ళకే అది.

లైట్లలో నీలంపాలు ఎక్కువ వుండాలి. నీళ్ళలోకి దిగేకొద్దీ ఎరుపు ముందు ఇంకిపోతుంది, నీలం లోతుకు చేరుతుంది. ఆ నాచుకు అలవాటైన వెలుతురు అదే. కొత్త పగడాన్ని ముందు అడుగున వుంచి, లైటును తగ్గించి పెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచుతారు. రోజుకు ఎనిమిది, పది గంటలు చాలు. నీళ్ళు మాత్రం 24 నుంచి 27 డిగ్రీల మధ్యనే వుండాలి. మా వైపు ఎండాకాలం 44, 45 డిగ్రీలు కొత్త కాదు. కరెంటు పోయిందంటే తొట్టిలో అల లేదు, చలువ లేదు.

ఇదంతా విని మనవరాలు, "మన సముద్రంలో పగడపు దిబ్బలు లేవెందుకు?" అంది. భద్రాచలం దగ్గర వానాకాలపు గోదావరిని తలుచుకోమన్నాను. అంత ఒండ్రు, అంత మంచినీరు కలిసే తీరాన వెలుతురు లోపలికి దిగదు, ఉప్పు నిలవదు. అందుకే మన దేశపు పెద్ద దిబ్బలు మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, అండమాన్ నికోబారుల్లో, లక్షదీవుల్లో వున్నాయి.

అసలు చిక్కు చట్టం దగ్గర వచ్చింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 2001లో రాయి కట్టే పగడాలన్నిటినీ, నల్ల పగడాలతో, నిప్పు పగడాలతో సహా, దాని మొదటి షెడ్యూలులో చేర్చారు. నేరం రుజువైతే మూడేళ్ళనుంచి ఏడేళ్ళ జైలు. పుట్టగొడుగు పగడం వంటి మెత్తనివాటి పేర్లు ఆ పట్టికలో లేవు గాని, అవి అంటుకొని వచ్చే రాయి చాలాసార్లు దిబ్బనుంచి పగలగొట్టిన పగడపు రాయే.

మా అల్లుడు తేలిగ్గా తీసేశాడు. "మామయ్యగారూ, ఫోను చేస్తే సంచీలో నీళ్ళు పోసి పంపేవాళ్ళున్నారు. అశ్వారావుపేటలో వచ్చి అడిగేదెవరు?" అన్నాడు. అబద్ధం కాదు. అడిగేవాళ్ళుండరు. కాని మేము అడవి అంచున వున్నవాళ్ళం. దుప్పి మాంసం ఇంటికి వస్తే తలుపు మూసేవాళ్ళం. పులిని ఏ షెడ్యూలులో రాశారో పగడాన్నీ అందులోనే రాశారు. పులికి గుర్రుమనే నోరుంది. పగడానికి అదీ లేదు. ఆమాటే అన్నాను. అతను నవ్వి వూరుకున్నాడు.

మనవరాలు నవ్వలేదు. "మరి అమెరికావాళ్ళు?" అంది. అక్కడ పెంచిన పగడంనుంచే ముక్క విరిచి, కొమ్మ నాటినట్లు నాటి అమ్ముకునేవాళ్ళున్నారు. అక్కడి చట్టం అక్కడిది అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పిల్ల ముచ్చటకు అడ్డం పడటం ఎంత కష్టమో తాతలకు తెలుసు.

మూడో రోజు అరవై సెంటీమీటర్ల గాజు తొట్టి తెచ్చాను. అడుగున కడిగిన ఇసుక, పైన తెల్లని ఎల్.ఇ.డి. ట్యూబు. చెరువునుంచి హైడ్రిల్లా, వాలిస్నేరియా తెచ్చి నాటాం. రోజుకు ఏడు గంటల లైటు. అంతకు మించితే అద్దాలకు పాకుడు పడుతుంది. కిటికీ ఎండ తగలనివ్వకూడదు. వారం పోయాక నాలుగు పరిగెలను వదిలాం.

ఒక సాయంత్రం హైడ్రిల్లా ఆకుల మీద ముత్యాల్లా బుడగలు కనిపించాయి. "ఇది మా సైన్సు పుస్తకంలో ప్రయోగం!" అని కేకవేసింది. వెలుతురు తిని ఆకు వదిలే ప్రాణవాయువు అది. పగడం ఒంట్లోని నాచు చేసే పనీ ఇదే అని చెప్పాను. చాలాసేపు తొట్టి ముందునుంచి లేవలేదు.

పగడాలు చూడాలన్న కోరిక ఇంకా పోలేదు, పోకూడదు కూడా. అండమానులో అడుగున అద్దం బిగించిన పడవలున్నాయట. దానికోసం మా ఆవిడ ఇప్పటికే పోపులడబ్బాలో డబ్బు దాస్తోంది. ఉంగరం చేయించమని మాత్రం మళ్ళీ అడగలేదు.